తంగేడు ఆకు వంగుతున్నది, రాయి ఊడుతున్నది అని అడిగిన బిడ్డకు

నీ ప్రశ్న రెండుసార్లు చదివిన బిడ్డా. హన్మకొండల ఉంటున్నవ్, ఇరవై మూడేండ్లు, డిగ్రీ అయినంక ఎనిమిది నెలల సంది ఇంట్లనే యూట్యూబ్ చూసుకుంట వెండితోని ఆకులు, పువ్వులు, నడుమ రాళ్లు పెట్టి లాకెట్లు, ఉంగరాలు చేస్తున్నవ్, ఇన్‌స్టాల అమ్ముతున్నవ్. తంగేడు ఆకు లాకెట్ మెడల వేసుకుంటే వంగిపోతున్నది, రాళ్లు ఊడుతున్నయ్, నెలకే నల్లగైందని వాపస్ పంపుతున్నరు, చిన్న ఆకుకు పద్దెనిమిది వందలా అని బేరం ఆడుతున్నరు. ఆఖరికి ఇంకో మాట అడిగినవ్, మా ఇంట్ల ఎవ్వరూ ఈ పని చెయ్యలే, నాకు వస్తదా అని.

నేను కరీంనగర్ల వెండి తీగ పని చేస్త, ఫిలిగ్రీ అంటరు కదా అదే, ముప్పై నాలుగేండ్లాయె. మా బాపు దగ్గర నేర్చుకున్న. ఆఖరి ప్రశ్నకు ముందు చెప్త ఎందుకంటే అది మనసుల ఉంటే మిగిలినవి చెవికెక్కవు. నా దగ్గర నేర్చుకున్నోళ్లల్ల అందరికన్న సన్నగ తీగ తిప్పింది మా కులపోడు కాదు, ఇంట్ల బీడీలు చుట్టుకుంట పెరిగిన ఒక ఆడబిడ్డ. తునికాకు చుట్టి చుట్టి ఆమె వేళ్లకు ఒడుపు ముందే వచ్చి ఉండె, పట్కారు పట్టిన మూడో నెలల మాతోని సమానంగ చేసింది. నాకు తీగ తిప్పుడు వచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది, నేను ఔసుల ఇంట్ల, అంటే కంసాలి ఇంట్ల పుట్టినోన్ని. అందుకని ఆ దిగులు తీసి పక్కన పెట్టు.

ఇగ ఆకు సంగతి. నువ్వు పెట్టిన ఫొటో చూసిన, రేకు సన్నగున్నది, అర మిల్లీమీటర్ కూడ ఉండకపోవచ్చు, రంపంతోని ఆకు ఆకారం కోసినవ్, ఈనెలు పైపైన గీతలు గీసినవ్. చూసేతందుకు ఆకే, గాని అది ఆకు బొమ్మ. చెట్టు మీది ఆకును ఒక్కసారి చేతిలకు తీసుకొని వెనక్కి తిప్పి చూడు, నడి ఈనె వెనకవైపు ఉబ్బి ఉంటది, దాని నుంచి పక్క ఈనెలు, వాటి నుంచి సన్న ఈనెలు. కాయితం అంత పల్చని ఆకు గాలికి ఊగి ఊగి కూడ విరగదు అంటే ఆ ఈనెల వల్లనే, అవి అందానికి ఉన్నయి కావు, ఇంటికి దూలాలు ఎట్లనో ఆకుకు అవి గట్ల. నువ్వు ఆకు అందం తీసుకున్నవ్, దూలాలు చెట్టు మీదనే వదిలేసినవ్. ప్రకృతి డిజైన్ అని ఈ మధ్య అందరు అంటున్నరు, నా మటుకు నాకు అర్థమైంది ఏందంటే చెట్టు ఎట్ల కనపడ్తదో కాదు, ఎట్ల నిలబడ్తదో అది వెండిలకు తేవాలె. గది తెస్తే అందం దానంతట అదే వెంట వస్తది.

అదే రేకును లక్క దిమ్మ మీద బోర్లా పెట్టి వెనక నుంచి మొద్దు ఉలితోని నడి ఈనెను ఉబ్బించు, అంచులను కొంచెం ముందుకు వంచు, మళ్ల చూడు, అదే బరువు, అదే మందం, వేళ్లతోని నొక్కినా వంగదు. రేకు ఎంత మందమైతే అంత గట్టి అని కొత్తల్ల అందరు అనుకుంటరు, మందం పెంచితే బరువు పెరుగుతది, బరువు పెరిగితే రేటు పెరుగుతది, కమ్మలైతే చెవులు సాగుతయ్. చెవికి ఒక్కొక్కటి ఐదారు గ్రాములు దాటితే రోజంత పెట్టుకోలేరు, అది గుర్తుపెట్టుకో.

ఇంకో కారణం కూడ ఉన్నది. అతుకు పెట్టేటప్పుడు మొత్తం ఆకు ఎర్రగ కాలింది కదా, కాలిన వెండి మెత్తగైతది. పని చేసేటప్పుడు మనమే కావాలని కాల్చి మెత్తగ చేసుకుంటం, గాని ఆఖరి కాల్పు అయినంక అట్లనే మెత్తగ వదిలేస్తే ఎంత మంచిగ చేసినా వంగుతది. అందుకని అతుకులన్ని అయినంక సుత్తెతోని సన్నగ కొట్టుడో, ఉక్కు కడ్డీతోని గట్టిగ రుద్దుడో, లేదంటే టంబ్లర్ అని నగలను వేసి తిప్పే చిన్న డబ్బ మిషిన్ కొనుక్కొని ఉక్కు గోళీలు, సబ్బు నీళ్లు పోసి రెండు మూడు గంటలు తిప్పుడో చెయ్యాలె. కమ్మల పుల్లనైతే పట్కారుతోని పట్టి రెండు మూడు మెలికలు తిప్పు, గట్టి పడ్తది.

మా పనిల ఆకు ఎట్ల వస్తదో చెప్త, నీకు పనికొస్తది. మా దగ్గర రేకు ఉండదు, తీగనే. వెండిని కరిగించి, కడ్డీ పోసి, కమ్మచ్చుల, అంటే వరుసగ బెజ్జాలున్న ఉక్కు పలకల, పెద్ద బెజ్జం నుంచి చిన్న బెజ్జానికి లాగుకుంట పోతం, వెంట్రుక అంత సన్నగైనంక రెండు తీగలను కలిపి పురి పెడ్తం, ఆ పురిని ఒత్తితే రిబ్బన్ లెక్క అయితది, దాని అంచు దగ్గరికి తెచ్చి చూస్తే సన్న సన్న గింజలు వరుసగ పెట్టినట్టు కనపడ్తది. ముందుగాల కొంచెం మందం తీగతోని ఆకు అంచు, నడి ఈనె కట్టుకుంటం, ఆ లోపల ఖాళీలల్ల ఈ పురి తీగను సుట్టలు సుట్టి నింపుతం. అతికే పొడి, వెలిగారం సల్లి మంట సూపిస్తే మొత్తం ఒక్కటైతది, క్షణం ఎక్కువైతే సన్నతీగ ముద్దగ కరిగిపోతది, రెండు రోజుల పని కండ్ల ముందట పోతది. అంచు మందం, ఈనె మందం, లోపల జాలి, ఇది ఆకు కట్టుబడే కదా. ఎలగందుల కోట ఉన్న ఈ తావుల ఎవరు మొదలు పెట్టిన్రో గాని వాళ్లు ఆకును బోర్లేసి చూసే మొదలుపెట్టిన్రని నాకు అనిపిస్తది. 2007ల దీనికి జీఐ, అంటే ఈ పని ఈ తావుదే అనే సర్కారు గుర్తింపు వచ్చింది. ఇత్తరుదాన్లు, పాన్‌దాన్లు, ట్రేలు మస్తు చేసినం, ఇప్పుడు కొనెటోళ్లు తక్కువైన్రు. నీ అసొంటోళ్లు ఈ తీగను లాకెట్ల, కమ్మల రూపంల పట్టుకుంటే మాకు కూడ సంతోషమే, మా పని కాపీ కొడ్తున్నరని నేనైతే అనుకోను. కాకపోతే మిషిన్‌ల అచ్చు పోసి దాన్ని ఫిలిగ్రీ అని మాత్రం అమ్మకు.

తంగేడే ఎందుకు తీసుకున్నవో అర్థమైంది, బతుకమ్మ, రాష్ట్ర పువ్వు, అందరికి తెలుసు. కాని నువ్వు చేసింది ఏ ఆకైనా కావచ్చు, చింతాకు అన్నా నమ్ముతరు. తంగేడు కొమ్మను దగ్గర పెట్టుకో. రెమ్మ కొమ్మకు అతుక్కునే కాడ చెవి అసొంటి గుండ్రటి చిన్న ఆకు ఉంటది, చూసినవా ఎప్పుడైనా? మామూలు ఆకులన్ని జంటలు జంటలుగ పోతుంటే ఇది మొదట్ల చెవి ఒగ్గి విన్నట్టు ఉంటది. నీ లాకెట్‌కు కొక్కెం పెట్టేతందుకు చోటు వెతుక్కుంటున్నవ్ కదా, పైన ఒక రింగు అతికించినవ్, అదేమో ఆకుకు సంబంధం లేనట్టు ఉన్నది. ఆ చెవి ఆకునే చుట్టి గొలుసు దూరే కొక్కెం చెయ్యి. తంగేడు ఎరుకైన పల్లెటూరి ముసలామె చూస్తే పేరు చెప్పకముందే గుర్తు పట్టాలె, గంతే పరీక్ష. పువ్వు చేస్తే ఐదు రెక్కల అంచులు ముడతలు ముడతలుగ ఉంటయ్, నున్నగ ఉండయ్, అది కూడ చూసుకో.

నన్ను అడిగితే తంగేడు కన్న గునుగు పట్టుకో అంట. గునుగు కంకి తెల్లగ, కొసకు కొంచెం గులాబి, ఎండల చూస్తే వెండే అనిపిస్తది, దాని శాస్త్రీయ పేరు సెలోషియా అర్జెంటియా, అర్జెంటియా అంటే లాటిన్ల వెండి వన్నెది అనే అర్థం. మనం బతుకమ్మకు రంగులు అద్ది పేరుస్తం గాని రంగు వెయ్యని గునుగు నాకు ఎక్కువ ఇష్టం. పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటది, ఎండినా రాలదు, ఏండ్లు ఉంటది. దాన్ని తీగతోని చెయ్యొచ్చు, చిన్న చిన్న రేకు పొట్టులు కోసి మెట్లు మెట్లుగ అతికి చెయ్యొచ్చు. జుంకాలకు దాన్ని మించింది లేదు.

ఇగ రాళ్లు. ఎందుకు ఊడుతున్నయో నువ్వు చెప్పలే గాని ఫొటోల రాయి చుట్టు తెల్లటి చార చూసిన, అది గమ్. గమ్ పెట్టకు బిడ్డా, చెమటకు, సబ్బు నీళ్లకు ఏడాది ఆగదు. ముత్యాలకు పుల్ల మీద పెట్టేతందుకు తప్ప నేను ఎన్నడూ వాడలే. రాయిని వెండి పట్టుకోవాలె, కాయ గింజను పట్టుకున్నట్టు. గూడు కట్టు. గూడు పట్టీకి నూటికి 92.5 పాళ్లున్న వెండి కాదు, 999 అనే మేలిమి వెండి తీసుకో, మెత్తగ మాట వింటది, మందం 0.3 మిల్లీమీటర్ చాలు. రాయి చుట్టు కొలిచి పట్టీ కోసి కొసలు రెండు వెలుతురు కనపడకుండ కలిపి అతుకు. ఎత్తు ఎంతంటే రాయి పక్కలు పైకి పోయి లోపలికి వంగుతయ్ కదా, ఆ వంపు మొదలైన చోటు మీదికి కొంచెం రావాలె. తక్కువైతే పట్టు ఉండదు, నీ ఉంగరంల అదే అయింది, ఎక్కువైతే రాయి కనపడదు, పట్టీ ముడతలు పడ్తది. రాయి పెట్టి చూసేముందు కింద ఒక దారం అడ్డం పెట్టు, లేకుంటే ఇరుక్కొని రాదు, నేను ఒకప్పుడు ఇరుక్కున్న చంద్రకాంత రాయిని సూదితోని లేపబోయి రెండు ముక్కలు చేసిన, గిరాకి ఇచ్చిన రాయి అది, వాళ్ల అమ్మదట. పైసలు ఇచ్చిన గాని ఆ రాయిని ఇయ్యలేకపోయిన. అప్పటి సంది దారం లేకుండ పెట్టలే.

మూసేటప్పుడు ఒక దిక్కు నుంచి వరుసగ నొక్కుకుంట పోవద్దు, ముందు పైన, ఎంబడే కింద, తర్వాత కుడి, ఎడమ, నాలుగు దిక్కుల పట్టుకున్నంక నడుమలవి నొక్కు. పాలిష్ చేసిన ఉక్కు కడ్డీతోని ఆఖరికి తిప్పి తిప్పి రుద్దితే రాయి, వెండి నడుమ సందు ఉండదు. రాయి కూసున్నంక మంట దగ్గరికి పోవుడే లేదు, అతుకులన్ని ముందే అయిపోవాలె. ఫిరోజా, ఒపల్, మలాకైట్, ముత్యం, పగడం వీటిని యాసిడ్‌ల ముంచకు, నగలను అదురుతోని కడిగే ఆ అల్ట్రాసోనిక్ డబ్బాల కూడ వెయ్యకు.

ఏ రాయి ఎక్కడ పెట్టాలో దానికి ఒక లెక్క ఉంది. మన దుమ్ముల ఇసుక ఉంటది, ఇసుక అంటే క్వార్ట్జ్, దాని గట్టితనం మోస్ లెక్కల 7. దానికన్న మెత్తటి రాయిని చున్నీతోని తుడిచినా దుమ్ము గీతలు పెడ్తది. అందుకని ఉంగరానికి, చేతికి 7, ఆ పైనవే, స్ఫటికం, అమెథిస్ట్, గార్నెట్, అకీక్. చంద్రకాంతం, లాబ్రడొరైట్ 6 చుట్టు ఉంటయ్, లాకెట్లకు బాగుంటయ్. మలాకైట్ 4 కూడ లేదు, కమ్మలకే. సస్తగ ఫిరోజా అని ఆన్‌లైన్‌ల దొరికేది చానా మటుకు రంగేసిన హౌలైట్ అనే తెల్ల రాయి, ఏందో తెలుసుకోకుండ ఫిరోజా అని పేరు రాసి అమ్మకు, నీ మీద నమ్మకం పోతది.

లోకల్ రాళ్లు ఉంటయా అని అడిగినవ్, ఉంటయ్ ఎందుకుండయ్. కొత్తగూడెం దిక్కు గరీబ్‌పేట గుట్ట కాడ దొరికే గార్నెట్లు ఎన్నో వందల ఏండ్ల సంది పేరున్నవి, ఎరుపుల కొంచెం ఊదా కలిసిన రంగు. మన కోటిలింగాల, ధూళికట్ట తవ్వకాలల్ల శాతవాహనుల నాటి పూసలు బయటపడ్డయ్, అంటే ఈ నేల మీద రాయిని పూస చేసి మెడల వేసుకునుడు రెండు వేల ఏండ్ల ముచ్చట. నాకు ఇంకా ఇష్టమైన ఆలోచన ఒకటుంది, మా కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైట్. వంటింటి బండలకు దేశాలు దాటి పోతది, పాలిష్ యూనిట్ల కాడ తుక్కు ముక్కలు కుప్పలు. చాక్లెట్ రంగుల నల్ల చుక్కలు, ఒక్క పొర కోసి గుండ్రంగ అరగదీసి మెరుగు పెడితే తుమ్మచెట్టు బెరడు లెక్క కనపడ్తది. దాన్ని వెండి గూట్ల పెట్టి తుమ్మ ఆకు తీగ తిప్పు, ఇది ఎక్కడిది అని ఎవరన్న అడుగుతరు చూడు. కాని రాయి కోసినా, అరగదీసినా నీళ్లు పోసుకుంటనే, మూతికి మంచి మాస్క్ కట్టుకొనే. ఆ సిలికా దుమ్ము ఊపిరితిత్తులల్ల కూసుంటే మళ్ల రాదు, అది వట్టి దగ్గు కాదు.

పొగ సంగతి కూడ ఇక్కడే చెప్తున్న, ఇది పెద్దగ చదువు. అతికే మిశ్రమం కొనేటప్పుడు కాడ్మియం లేనిదేనా అని అడిగి మరీ తీసుకో. కాడ్మియం కలిసింది సులువుగ కరుగుతది, సస్త, అందుకని ఇంకా అమ్ముతున్నరు, దాని పొగ కిడ్నీలను, ఊపిరిని తింటది. మా బాపు చిన్న అర్రల, కిటికి మూసుకొని, మంట ఊగొద్దని ఫ్యాన్ బందు పెట్టుకొని నలభై ఏండ్లు పని చేసిండు. ఆఖరికి నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. నువ్వు ఇంట్ల వంటింటి పక్క పొంటి చేస్తున్నవని రాసినవ్, ఆ బల్లను కిటికి కాడికి జరుపు, పొగను బయటికి లాగే ఫ్యాన్ పెట్టు, ఈ ఒక్కటి ఈ వారమే చెయ్యి, మిగిలినవన్ని తర్వాత.

నల్లగైతున్నదని వాపస్ చేసుడు గురించి. వెండి నల్లబడుడు కల్తీ కాదు, గాలిల, చెమటల ఉన్న గంధకంతోని వెండి కలిస్తే అయ్యే నలుపు అది. 92.5ల 7.5 పాళ్లు రాగి గూడ ఉంటది కాబట్టి జర తొందరగ అయితది. గుడ్డు, ఉల్లిగడ్డ, రబ్బర్ బ్యాండు దగ్గర పెడితే ఇంకా తొందరగ. కొన్నప్పుడే ఈ మాట చిన్న చీటీ మీద రాసి డబ్బల పెట్టు, జిప్ కవర్‌ల గాలి తీసి దాచుమను, మాసిపోతే కుంకుడు నురుగుల మెత్తటి బ్రష్‌తోని కడగమను, సగం వాపస్‌లు ఆగుతయ్. రోడియం అనే తెల్ల లోహం పూత కొట్టియ్యమని కొందరు చెప్తరు, తెల్లగనే ఉంటది గాని ఆకుకు ప్రాణం పోతది, ఈనెల లోతు కనపడదు. నేనైతే నలుపును ముందే నేనే పెడ్త. ఉడకబెట్టిన గుడ్డు పచ్చసొన నలిపి మూత డబ్బల నగతోని పాటు పెడ్త, తగలకుండ, కొన్ని గంటలల్ల గోధుమ రంగు, తర్వాత నలుపు దిగుతది, అప్పుడు ఎత్తైన తావులు మాత్రం రుద్ది తెల్లగ తీస్త, ఈనెల సందులల్ల నలుపు ఉండిపోతది. ఆకు అప్పుడు మాట్లాడ్తది. మెత్తటి రాళ్లు, ముత్యాలు ఉన్నవాటికైతే రాయి పెట్టకముందే ఈ పని చేసుకో.

పద్దెనిమిది వందల సంగతి. అదేం ఎక్కువ కాదు, తక్కువ కూడ అయి ఉండొచ్చు, నువ్వు లెక్క రాస్తలేవు. ఆకు తయారైనంక 6 గ్రాములు అనుకో, దానికి 8 గ్రాముల రేకు కోస్తవ్, తుక్కు కరిగిస్తే మళ్ల పనికొస్తది గాని ఆకురాయితోని, అంటే ఫైలుతోని అరగదీసిన పొడి కొంత పోనే పోతది. ఒడిల తోలు గుడ్డ కట్టుకొని ఆ పొడి పట్టు, నేల ఊడ్చిన మట్టి కూడ పారెయ్యకు, మా దగ్గర ఆ మట్టిని కడిగి వెండి తీసెటోళ్లు ఉంటరు. ఆనాటి వెండి రేటు, తరుగు, రాయి, గ్యాసు, డబ్బ, కొరియర్, వీటికి నీ గంటలు కలుపు. ఐదు గంటలు పట్టింది, గంటకు నూట యాభై అనుకున్నా ఏడు వందల యాభై నీ చేతిదే. మొన్న మొన్నటి రేటు మీద ధర పెట్టి వెండి పెరిగితే నష్టపోతవ్, కాబట్టి ధరలో మెటల్ ఎంత, పని ఎంత అని విడిగ రాసి పెట్టు, బేరం ఆడితే అదే చూపియ్యి. బేరం ఆడేటోళ్లకు తగ్గించకు, వాళ్లకు చిన్న ముక్కుపుల్లనో, మట్టెలో చేసియ్యి.

925 అని నీ అంతట నువ్వు ముద్ర కొట్టుకుంటే అది హాల్‌మార్క్ కాదు. బీఐఎస్ హాల్‌మార్క్ వెండికి తప్పనిసరి కాదు గాని 2025 సెప్టెంబర్ 1 నుంచి వెండికి కూడ హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకు ఒక్కో గుర్తింపు నంబర్ వస్తున్నది, పెద్ద ముక్కలకు చేయించు. ఒకటి గుర్తుపెట్టుకో, అతుకులు ఎక్కువ పెడితే ఆ మిశ్రమంల వెండి తక్కువ కాబట్టి మొత్తం నగ పరీక్షల 92.5 కింద పడొచ్చు. సర్కార్ దిక్కు నుంచి చేతిపనోళ్లకు హస్తకళల శాఖ ఇచ్చే పహచాన్ అనే గుర్తింపు కార్డు ఒకటి, 2023ల వచ్చిన పీఎం విశ్వకర్మ పథకం ఒకటి, దాంట్ల 18 చేతిపనులల్ల ఔసుల పని కూడ ఉన్నది, పనిముట్లకు 15,000, మొదటి విడత లక్ష దాక తక్కువ వడ్డీకి అప్పు. సర్కారు సేవలు అందించే సీఎస్సీ సెంటర్‌ల నువ్వు అర్హురాలివో కాదో అడుగు. అమ్మ నాన్న కొలువు చెయ్యమంటున్నరని రాసినవ్, వాళ్ల భయం తప్పు కాదు, ఒక ఏడాది సగం దినం ఏదన్న కొలువు చేసుకుంట ఇది చేసినా పని ఎటూ పోదు, నేను కూడ పెండ్లైన కొత్తల రెండేండ్లు బట్టల దుకాణంల నిలబడ్డ.

ఒక దినం తీరిక చేసుకొని రామప్ప పో, 2021ల యునెస్కో పేరు వచ్చినంక జనం మస్తు పోతున్నరు, అందరు మదనికల, అంటే అక్కడ చెక్కిన ఆడబొమ్మల మొఖాలు చూస్తరు, నువ్వు వాళ్ల మెడ, చేతుల మీది నగలు చూడు. ఎనిమిది వందల ఏండ్ల కిందటి చెక్కుడు, సూది దూరేటంత సన్న సందులు గూడ తీసిన్రు. ఆ శిల్పి ఎవ్వరికి కనపడని సందును గూడ అంత మనసు పెట్టి తీసిండు.

ఆఖరికి ఒక చిన్న పరీక్ష, ఏ నగ అమ్మే ముందైనా పాత నైలాన్ చున్నీ దాని మీద నాలుగు దిక్కుల లాగు. పోగు తట్టుకుంటే మళ్ల ఆకురాయి పట్టు, ఆకు కొస ఎంత అందంగున్నా సరే. చీర జరీ తెంపిన ఉంగరాన్ని ఏ ఆడామె రెండోసారి పెట్టుకోదు, మా ఇంట్ల చూసిన.

గునుగు చెయ్యి బిడ్డా, చిన్నదే, రెండు ఇంచుల కంకి. అయినంక ఫొటో పెట్టు, కాని ముందుదిక్కుది వద్దు, వెనకదిక్కుది పెట్టు. అతుకులు ఎట్లున్నయో, ఈనె ఎట్ల లేపినవో అక్కడనే తెలుస్తది.